కొత్త జాకీ కొనే ముందు టేపు తీయండి

కారును పైకి లేపాక, చక్రం నట్లు విప్పేలోపే జాకీ మెల్లమెల్లగా కిందికి దిగుతోందంటే ఆ పూట పని అక్కడితో ఆపేయాలి. కారును నేలకు దించి, జాకీని పక్కకు లాగి, ముందు దాని సంగతి తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో, అది ఇక పనికిరాదని తేలితే దాని బదులు ఎలాంటిది కొనుక్కోవాలో ఈ వేళ మీతో మాట్లాడతాను. షెడ్లలో రోజూ పదేసి బండ్లు లేపే మేస్త్రీలకు ఇదంతా తెలిసిన విద్యే. నా మాటలు ఇంటి పోర్టికోలోనో, అపార్ట్‌మెంటు కింద పార్కింగులోనో ఆదివారం పూట తమ కారుకు తామే ఆయిల్ మార్చుకునేవాళ్ళ కోసం, బ్రేకు ప్యాడ్లు తామే వేసుకునేవాళ్ళ కోసం.

నేను చెబుతున్నది కింద చక్రాలుండి, నేలమీద తోసుకుంటూ కారు కిందికి పంపే జాకీ గురించి. దుకాణాల్లో ట్రాలీ జాకీ అంటారు, ఫ్లోర్ జాకీ అనీ అంటారు. కారు కొన్నప్పుడు డిక్కీలో వచ్చే కత్తెర జాకీ దారిలో పంచరైతే స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే ఇచ్చినది. దాని మీద కారును నిలబెట్టి గంటసేపు మరమ్మతు చేయాలని దాన్ని చేసినవాళ్ళే అనుకోలేదు. ఇక నిలువుగా సీసాలా నిలబడే బాటిల్ జాకీ బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి ఛాసిస్ బండ్లకు బాగానే పనికొస్తుంది. చిన్న కార్లకు అది కుదరదు. పూర్తిగా దించినా దాని ఎత్తు 180 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, స్విఫ్టు లాంటి కారు కిందికి దూరదు. పైగా దాని అడుగు చిన్నది, కారు కాస్త పక్కకు ఒరిగితే జాకీ కూడా ఒరుగుతుంది.

ట్రాలీ జాకీ లోపల జరిగే పని కొంచెం తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ ఒకే తీరుగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన పాస్కల్ వివరించాడు. ఆ సూత్రాన్ని పట్టుకుని 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ దాన్నే చేత్తో మోసుకుపోగలిగేలా చేసి మరో పేటెంటు పొందాడు. ఇవాళ మన ఇంట్లో ఉన్నదీ ఆ వంశానిదే. హ్యాండిల్ కొట్టినప్పుడు ఒక సన్నని పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఆయిల్ లావు పిస్టన్ వెనక చేరి దాన్ని తోస్తుంది. సన్నదాని అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, లావుదాని అడ్డుకొలత 40 మిల్లీమీటర్లు అనుకోండి. అడ్డుకొలత 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లు, కాబట్టి బలమూ 16 రెట్లు. హ్యాండిల్ పొడవు వల్ల కలిసొచ్చేది దీనికి అదనం. ఒక మనిషి ఒంటిచేత్తో కారు ముందుభాగం లేపగలగడం ఇందువల్లే. బలం పెరిగిన మేరకు దూరం తగ్గుతుంది కాబట్టి, ఒక్కో దెబ్బకు కారు లేచేది కొన్ని మిల్లీమీటర్లే.

ఈ రకం జాకీలో ఇంకొకటి గమనించాలి. బాటిల్ జాకీలో లావు పిస్టన్ నిలువుగా ఉండి బరువును నేరుగా మోస్తుంది. ట్రాలీ జాకీలో అది పడుకుని ఉంటుంది. పొడవాటి ఇనుప చేతి పొట్టి కొసను అది నెడితే, పొడుగు కొస కారును లేపుతుంది. పొట్టి కొస మీద పనిచేస్తోంది కాబట్టి పిస్టన్ మీద పడే భారం కారు బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. రబ్బరు సీళ్ళు, చిన్న వాల్వు గుండ్లు, చేతికి ఉన్న ఇరుసు, అన్నీ ఆ భారాన్ని ఓర్చుకోవాలి. చౌకగా చేసిన ట్రాలీ జాకీ కొన్నేళ్ళకే దిగిపోవడానికి కారణం ఇక్కడుంది.

ఇప్పుడు మీ పాత జాకీ దగ్గరకు వద్దాం. కొట్టినప్పుడల్లా స్పంజిలా మెత్తగా అనిపిస్తూ సరిగ్గా లేవకపోతే, లోపల గాలి చేరి ఉండవచ్చు. జాకీని దించే రిలీజ్ వాల్వు వదులు చేసి, బరువేమీ లేకుండా హ్యాండిల్‌ను గబగబా పదిపదిహేనుసార్లు కొట్టి, వాల్వు బిగించి చూడండి. చాలాసార్లు అంతటితో బాగవుతుంది. పూర్తిగా లేవకుండా సగంలో ఆగిపోతుంటే ఆయిల్ తగ్గి ఉంటుంది. జాకీని పూర్తిగా దించి, నింపే రంధ్రం దగ్గరి రబ్బరు బిరడా తీసి, ఆ మట్టం దాకా హైడ్రాలిక్ ఆయిల్ పోయాలి. జాకీతో వచ్చిన కాగితం ఉంటే అందులో చెప్పిన గ్రేడు వాడండి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది కదా అని అది మాత్రం పోయకండి. డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండే ఆ ఆయిల్ గ్లైకాల్ జాతిది. జాకీలోని నైట్రైల్ రబ్బరు సీళ్ళు అందులో ఉబ్బి మెత్తబడి పాడైపోతాయి. పేరులో ఆయిల్ అని ఉన్నా రెండింటికీ సంబంధం లేదు.

కారును లేపి వదిలేస్తే దానంతటదే దిగుతోందంటే మాత్రం సీలు అరిగిందనో, వాల్వులో చెత్త అడ్డుపడిందనో అర్థం. మంచి కంపెనీ జాకీ అయి, సీల్ కిట్ దొరుకుతూ ఉంటే, హైడ్రాలిక్ పనులు తెలిసినవాళ్ళ చేత వేయించుకోవచ్చు. అలా బాగుచేసిన జాకీ మరికొన్నేళ్ళు నమ్మకంగా పనిచేస్తుంది. కానీ లావు పిస్టన్ మీద నిలువు గీతలు పడ్డా, చెయ్యి ఒక పక్కకు వంగినా, వెల్డింగు దగ్గర జుట్టంత పగులు కనిపించినా, ఇరుసు రంధ్రం కోలగా అరిగినా దాన్ని బాగుచేయించాలని చూడవద్దు. పగిలినచోట మళ్ళీ వెల్డింగు పెట్టించి వాడే అలవాటు మనవైపు ఉంది. ఏ ఇనుము వాడారో, వేడికి దాని బలం ఎంత మారిందో వెల్డింగు చేసే ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు. అలాంటి దానికి తల ఒగ్గడం ఎందుకు?

సరే, కొత్తది కొనాలి. దుకాణానికి వెళ్ళగానే మొదట వినిపించే ప్రశ్న, ఎన్ని టన్నులది కావాలని. ఇంటి వాడకానికి ఆ ప్రశ్న చివరికి రావలసినది. లెక్క చూడండి. స్విఫ్టు లాంటి కారు బరువు దాదాపు 900 కిలోలు. ఇంజను ముందుంటుంది కాబట్టి అందులో సుమారు 60 శాతం ముందు చక్రాల మీద ఉంటుంది. ముందుభాగం మొత్తం ఒకేసారి లేపినా జాకీ మీద పడేది 500 కిలోల పైచిలుకు. ఒక పక్క మాత్రమే లేపితే ఇంకా తక్కువ. ఇన్నోవా క్రిస్టా 1,800 కిలోల దాకా తూగుతుంది, దాని ముందు సగం లేపినా టన్ను పరిసరాల్లోనే ఉంటుంది. అంటే 2 టన్నుల జాకీ బరువు లెక్కన మన ఇళ్ళలోని దాదాపు అన్ని కార్లకూ చాలు. అయినా 2.5 టన్నులదో 3 టన్నులదో తీసుకోమని అనుభవజ్ఞులు అంటారు. ఆ సలహా మంచిదే. దానికి కారణం బరువు మోసే శక్తి ఒక్కటే అనుకోకూడదు. టన్నులు పెరిగేకొద్దీ సాధారణంగా జాకీ చట్రం పొడవు, వెడల్పు, చక్రాల మధ్య దూరం, లేచే ఎత్తు పెరుగుతాయి. కారు కింద నిలకడ వచ్చేది వాటివల్ల.

ఇలా కాకుండా డబ్బా మీద 2 టన్నులని రాసి ఉండి, లోపల చూస్తే పిల్లల బొమ్మంత ఉన్న జాకీలు కూడా ఉంటాయి. బరువు 8, 9 కిలోలకు మించదు, రేకు పలచన, చక్రాలు చిన్నవి. అవి అబద్ధం చెబుతున్నాయని నేననను. సరిగ్గా నడిమధ్యన బరువు పెడితే 2 టన్నులు లేపుతాయేమో. కానీ కారు ఎప్పుడూ సరిగ్గా నడిమధ్యన బరువు పెట్టదు. ఒకే టన్నేజి ఉన్న రెండు జాకీలు ముందుంటే, రెంటినీ చేత్తో లేపి చూడండి. బరువైన దాంట్లో ఇనుము ఎక్కువ ఉంది. అల్యూమినియం జాకీలకు ఈ లెక్క వర్తించదు, అవి తేలికగా ఉండటానికే అలా చేస్తారు. మేడ మీద స్టోర్ రూములో పెట్టుకుని ప్రతిసారీ కిందికి మోసుకురావలసినవాళ్ళకు, నడుము నొప్పి ఉన్నవాళ్ళకు అల్యూమినియంది సుఖం. 3 టన్నుల ఇనుప జాకీ 30 కిలోలు దాటవచ్చు, దాన్ని మెట్ల మీద దింపడం ఒక్కరి పని కాదు.

దుకాణానికి బయలుదేరే ముందు టేపు తీసుకుని కారు దగ్గర కూర్చోండి. కొలవవలసినవి రెండే. ఒకటి, జాకీ పెట్టవలసిన చోటు నేలకు ఎంత ఎత్తులో ఉంది. రెండు, పని చేయడానికి ఆ చోటు ఎంత ఎత్తుకు లేవాలి. జాకీ డబ్బా మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలుంటాయి. మీ రెండు కొలతలు ఆ రెండంకెల మధ్యలో ఇమడాలి. ఈ ఒక్క పని చేయకుండా కొన్న జాకీలే చాలా ఇళ్ళలో మూల పడి ఉన్నాయి.

కనిష్ఠం సంగతి. మామూలు చౌక ట్రాలీ జాకీలో కారుకు ఆనే పళ్ళెం పూర్తిగా దించినప్పుడు 130, 140 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. స్విఫ్టుకు గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. గాలి నిండుగా ఉంటే జాకీ దూరుతుంది, బాగానే ఉంది. టైరు పూర్తిగా దిగిపోతే? 165/80 ఆర్14 టైరు పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. గాలి పోయినప్పుడు అందులో ఎక్కువ భాగం రిమ్ము కింద నలిగిపోతుంది, కారు ఆ మూల అంతమేరా కుంగుతుంది. ఇక జాకీ దూరదు. ముందు బంపరు కిందుగా దాటి లోపలి ఇనుప అడ్డకమ్మి దాకా వెళ్ళాలన్నా ఇదే చిక్కు. తక్కువ ఎత్తున్న కార్లకు 75 నుంచి 85 మిల్లీమీటర్లకు దిగే లో ప్రొఫైల్ జాకీలున్నాయి. సెడాన్లు, చిన్న కార్లు ఉన్నవాళ్ళు వాటినే వెతకడం మేలు.

గరిష్ఠం దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు, ముఖ్యంగా ఎత్తు కార్లు ఉన్నవాళ్ళు. కారును లేపుతున్నప్పుడు బాడీ లేస్తుంది కానీ చక్రం వెంటనే లేవదు. స్ప్రింగు చాచుకుంటూ చక్రం నేలమీదే ఉండిపోతుంది. స్ప్రింగు పూర్తిగా చాచుకున్నాకే చక్రం గాలిలోకి వస్తుంది. క్రెటా లాంటి కారుకు జాకీ పెట్టే చోటు నేలకు సుమారు 220 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. స్ప్రింగు చాచుకోవడానికి ఇంకో 120, చక్రం విప్పి తొడగడానికి 50 కలపండి. అప్పటికే 390 అయింది. కారును స్టాండ్ల మీద దించాలంటే ఇంకాస్త లేపాలి. చౌక జాకీ లేచేది 330 నుంచి 350 దాకానే. చక్రం అలా నేలకు ఆనుకునే ఉంటుంది. అప్పుడు మనవాళ్ళు పళ్ళెం మీద చెక్కదిమ్మె పెట్టి, దాని మీద ఇంకొకటి పెట్టి లేపుతారు. దయచేసి అలా చేయకండి. పళ్ళెం మీద పేర్చిన దిమ్మెలు జారిన రోజున కారు పడేది కింద ఉన్నవాళ్ళ మీదే. ఎత్తు కార్లకు 450 మిల్లీమీటర్లకు తగ్గకుండా లేచే జాకీ చూడండి, 500 అయితే నిశ్చింత.

జాకీ కారుకు ఎక్కడ ఆనాలన్నది మాన్యువల్లో బొమ్మతో ఉంటుంది. మన చిన్న కార్లలో ఎక్కువగా తలుపుల కింద, ముందు చక్రం వెనకా వెనక చక్రం ముందూ, రేకు అంచు ఒకటి కిందికి దిగి ఉంటుంది. జాకీ పెట్టవలసిన చోట ఆ అంచుకు రెండు గాట్లు కనిపిస్తాయి. ఇనుప పళ్ళెం నేరుగా పెడితే ఆ అంచు నలుగుతుంది, పెయింటు ఊడి తుప్పు మొదలవుతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు ముద్ద పళ్ళెంలో పెట్టుకుంటే అంచు గాడిలో కూర్చుంటుంది. జాకీ కొన్నప్పుడే అదీ కొనండి. ఇంజను కింది ఆయిల్ ఛాంబర్, గేరుబాక్సు, నేల రేకు మీద జాకీ పెట్టకూడదని అందరికీ తెలుసు. కరెంటు కారు కొన్నవాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. నెక్సాన్ ఈవీ లాంటి వాటిలో బ్యాటరీ నేల కింద పరచుకుని ఉంటుంది. జాకీ రెండంగుళాలు లోపలికి జరిగినా బ్యాటరీ పెట్టెకు తగులుతుంది. కంపెనీ చూపించిన చోటు తప్ప మరోచోట పెట్టకండి.

ఇక మీ నేల. ట్రాలీ జాకీకి చక్రాలు తోసుకుపోవడానికే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరే ఉంది. తలుపు తీస్తున్నప్పుడు దాని అంచు నేరుగా జరగకుండా గుండ్రంగా తిరిగినట్టు, జాకీ పళ్ళెం కూడా పైకి లేస్తూ వంపు తిరుగుతుంది. కారు మాత్రం నేరుగా పైకి లేవాలి. ఆ తేడాను సరిచేయడానికి, కారు లేస్తున్నకొద్దీ జాకీ చక్రాల మీద కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. అది జరగలేకపోతే పళ్ళెం కారు అంచు మీద జారుతుంది, లేదా కారునే తనవైపు లాగుతుంది. కాబట్టి నేల గట్టిగా, నున్నగా, సమంగా ఉండాలి. సిమెంటు నేల అన్నిటికంటే మంచిది. షాబాదు బండలు గట్టిగా కూర్చుని ఉంటే ఫరవాలేదు, కింద ఇసుక కదిలి డొల్లగా మోగుతుంటే వద్దు. ఇంటి ముందు ఇప్పుడు అందరూ వేయించుకుంటున్న పార్కింగు టైల్సు సందుల్లో జాకీ ఇనుప చక్రాలు ఇరుక్కుంటాయి, సన్న టైల్సయితే పగులుతాయి కూడా. అలాంటిచోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను, జాకీ జరగడానికి చాలినంత పొడవుగా, పరచుకోండి. మట్టి నేల మీద ట్రాలీ జాకీ పెట్టనే కూడదు. ఇంటి ముందు తారురోడ్డు మీద పని చేసుకునేవాళ్ళు మే నెల మధ్యాహ్నం ఆ పని పెట్టుకోవద్దు. బెజవాడ, రామగుండం ఎండలకు తారు మెత్తబడితే స్టాండు కాళ్ళు అందులోకి దిగిపోతాయి. గేటు దగ్గర వాలు మీద ఎంత చిన్న వాలైనా సరే, కారును లేపవద్దు.

స్టాండు అన్నాను కదా. నా ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఈ మాట గుర్తుంచుకోండి. జాకీ కారును లేపడానికి. లేపిన కారును మోయవలసినవి స్టాండ్లు. మూడు కాళ్ళతోనో నాలుగు కాళ్ళతోనో ఉండి, నడిమి కమ్మిని పైకి లాగి కావలసిన ఎత్తులో ఆపుకునే ఇనుప స్టాండ్లు జతగా దొరుకుతాయి. జాకీ ఎంత ఖరీదైనదైనా ఒక సీలు చిరిగితే క్షణంలో దిగిపోతుంది. స్టాండులో ఆయిలూ లేదు, సీలూ లేదు. చేతిలో ఉన్న డబ్బు రెండిటికీ చాలకపోతే జాకీలో ఒక మెట్టు దిగండి, స్టాండ్లను మాత్రం మానేయకండి. స్టాండ్లు లేనివాళ్ళు ఇటుకలు పెడతారు. ఇటుకగానీ సిమెంటు దిమ్మెగానీ పరుచుకున్న బరువును మోస్తుంది. ఒక చిన్న ఇనుప అంచు మీద ముప్పాతిక టన్ను ఆనితే నోటీసు లేకుండా పగులుతుంది. ఇటుకల మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, ఐదు నిమిషాల పనికైనా సరే.

స్టాండ్లలో రెండు రకాలు. పళ్ళ చక్రంలా ఒక్కో గాటు దగ్గర ఆగేవి, రంధ్రాల్లో లావుపాటి పిన్ను దూర్చి ఆపేవి. గాట్ల రకం సర్దుకోవడానికి వేగం. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే సంస్థ తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను 17 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. తయారీ పనిముట్లు అరిగిపోవడంతో కొన్ని స్టాండ్లలో గాట్లు సరిగా పట్టుకోక, బరువు కదిలినప్పుడు జారిపడే ప్రమాదం ఉందని తేలింది. వాటి బదులు ఇచ్చిన కొన్నిటిలో వెల్డింగు లోపం బయటపడి, అదే ఏడు వాటినీ పిలిపించారు. అక్కడ గ్యారేజీల్లో సొంతంగా కారు పనులు చేసుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు. ఎవరి దగ్గరనుంచైనా వాడిన స్టాండ్లు కొనేముందు మోడల్ నంబరు చూసుకోమని వాళ్ళకు చెప్పండి. అక్కడి జాకీల మీద రాసే టన్ను 2,000 పౌండ్లది, అంటే 907 కిలోలు. మన 1,000 కిలోల టన్ను కంటే అది చిన్నది. నన్నడిగితే, గాటుతోపాటు అదనంగా పిన్ను కూడా దూర్చుకునే స్టాండ్లు దొరికితే వాటినే ఎంచుకోమంటాను. ఒకటి విఫలమైనా రెండోది ఆపుతుంది. విప్పిన చక్రాన్ని కూడా పక్కన పడేయకుండా తలుపు కింద అంచుకు దగ్గరగా, పడుకోబెట్టి లోపలికి తోయండి. ఏదైనా జరిగితే కారు దాని మీద ఆగుతుంది.

హ్యాండ్‌బ్రేక్ వేశాం కదా అని ధీమాగా ఉండేవాళ్ళకు ఒక మాట. మన కార్లలో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. కారు వెనకభాగం లేపితే ఆ చక్రాలు గాలిలో ఉన్నాయి, హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. స్విఫ్టు, ఐ20, క్రెటా లాంటి వాటిలో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి, గేరులో పెడితే ముందు చక్రాలు ఆగుతాయి. అయితే ముందు చక్రం ఒక్కటి లేపినప్పుడు డిఫరెన్షియల్ వల్ల రెండో ముందు చక్రం తిరగగలదు, గాలిలో ఉన్నది వెనక్కు తిరుగుతుంది. కాబట్టి లేపే వైపు ఏదైనా, నేలమీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్క చీలికలు అడ్డం పెట్టాలి. రాయి కంటే చీలిక నయం, అది చక్రం కిందికి దూరి పట్టుకుంటుంది.

దుకాణంలో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొంటే జాకీని అక్కడే నేలమీద పెట్టించి పరీక్షించవచ్చు. అది మన హక్కు, మొహమాటపడనక్కర్లేదు. ఖాళీగా కొట్టి చూడండి, చెయ్యి పూర్తి ఎత్తుకు అంచెలంచెలుగా కాకుండా సాఫీగా లేవాలి. పూర్తిగా లేచాక పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపండి. కొద్దిగా కదలడం సహజం, గలగలమని ఊగితే వద్దు. హ్యాండిల్ తిప్పి దించినప్పుడు ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా దిగగలగాలి. కొన్ని చౌక జాకీల్లో పావు మలుపుకే దభీమని దిగిపోతుంది, అవంటే నాకు భయం. వీలైతే దుకాణం ముందు ఆగి ఉన్న బండినే లేపించి, ఓ పావుగంట ఆగి ఎత్తు తగ్గిందేమో చూడండి. సీల్ కిట్ దొరుకుతుందా అని అడగండి. దుకాణదారుడు ఆ ప్రశ్నకు తడబడితే అది వాడి పారేసే జాకీ. హ్యాండిల్ రెండు ముక్కలుగా ఉంటే కలిపినచోట వదులు ఉండకూడదు. హ్యాండిల్ పొడుగ్గా ఉంటే శ్రమ తగ్గుతుంది, కానీ మీ పోర్టికోలో గోడ అడ్డురాకుండా దాన్ని కొట్టగలరా అన్నది కూడా కొలుచుకోండి. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే, డబ్బా విప్పిన రోజే ఈ పరీక్షలన్నీ పెట్టి, తిప్పి పంపే గడువు దాటకముందే నిర్ణయం తీసుకోండి.

పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. చిన్నపిల్లలుంటే, వాళ్ళ బంతి కారు కిందికి దొర్లుతుంది, బంతి వెనక వాళ్ళు వస్తారు. కారు స్టాండ్ల మీద ఉన్నంతసేపూ గేటు మూసి, పిల్లల్ని లోపల ఉంచండి.

చివరగా, మీ పాత జాకీ. సీల్ కిట్‌తో బాగయ్యేదైతే బాగుచేయించి ఎవరికైనా ఇవ్వవచ్చు. వంగినదో, పగిలినదో అయితే మాత్రం పనివాడికో బంధువుకో ఇచ్చేయకండి, ఉండనీలే అని అటక మీదికీ ఎక్కించకండి. మన ఇంట్లోనే ఇంకెవరో ఒక అవసరానికి దాన్ని దించి వాడతారు. అందులోని ఆయిల్‌ను ఒక డబ్బాలోకి తీసి, ఇంజను ఆయిల్ మార్చినప్పుడు మిగిలే పాత ఆయిల్‌తో కలిపి షెడ్డులో ఇవ్వండి, మురిక్కాలువలో పోయకండి. హ్యాండిల్ తీసేసి, చెయ్యిని చట్రం నుంచి విడదీసి, రెండు భాగాలుగా పాత ఇనుప సామాన్ల కొట్టులో వేయండి. అలా విడదీస్తే అది మళ్ళీ జాకీగా అమ్ముడుపోదు, ఇనుముగానే కరుగుతుంది.